ముట్టుకోవద్దన్న లైను

సాయంత్రం అయిదూ పదికి ప్రసాద్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. ప్రసాద్ పోయి అప్పటికి ఏడు నెలలు దాటింది.

సబీహా దానికోసమే కూర్చుంది. తాడేపల్లిగూడెంలోని ఇంజనీరింగ్ కాలేజీ ఫిజిక్స్ విభాగం రెండో అంతస్తులో, మిగతా స్కాలర్లంతా టీకి దిగిపోయాక, ఇంకా ఏదో పని మిగిలిందన్నట్టు మొహం పెట్టి రోజూ ఆ వేళకి ఆమె ఒక్కతే ఉండిపోయేది. మెయిల్లో ఎప్పటి మాటలే ఉన్నాయి: "సబీహా గారూ, చిత్తగించండి." కింద ఒక గ్రాఫు. అందులో సున్నా గీతకి బాగా పైన, తలెత్తుకుని నిలబడ్డ నల్లటి చుక్కలు.

దెయ్యాలూ భూతాలూ ఏమీ లేవు ఇందులో. బతికున్న రోజుల్లో తోటి స్కాలరు ప్రసాద్ రాసిపెట్టిన ప్రోగ్రాము అది. ఎక్కడో విదేశంలో కణాలను గుద్దించే యాక్సిలరేటర్ నుంచి కొత్త డేటా దిగినప్పుడల్లా తనంతట తనే లెక్క కట్టి, గ్రాఫు గీసి, సబీహాకి పంపుతుంది. మనిషి లేడన్న సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. కంప్యూటర్లు చూసే మెర్సీ మేడమ్ రెండుసార్లు వచ్చి, "ఆ అకౌంటు తీసేయమంటారా అండీ?" అని అడిగింది. "ఇంకొన్నాళ్ళు ఉండనివ్వండి మేడమ్, డేటా అంతా అందులోనే ఉంది," అంది సబీహా. డేటా ఇంకోచోట భద్రంగా ఉంది. ఆ సంగతి మెర్సీ మేడమ్‌కీ తెలుసు. ఆవిడ మంచిది కాబట్టి మూడోసారి అడగలేదు.

మెయిల్ సంగతి ఎవరికైనా నవ్వుతూ చెప్పుకోవచ్చు. చెప్పుకోలేనిది ఆమె ఫోన్లో ఉంది. జూలై పన్నెండో తారీకున ప్రసాద్ నుంచి మూడు మిస్డ్ కాల్స్. మొదటిది నాలుగూ నలభైకి, ఆఖరిది నాలుగూ యాభై అయిదుకి. మూడుసార్లూ పేరు చూసింది. చూసి, ఫోను బల్ల మీద బోర్లించింది. ఆరు కాకముందే అతను లేడు. కలిదిండి మండలంలో, కొల్లేటి అంచున వాళ్ళ ఊళ్ళో, మేనమామ రొయ్యల చెరువు గట్టు మీద ముసురులో తడిసిన, నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ తీగ పట్టుకున్నాడు. కరెంటు కొట్టింది. ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి.

ఆ రోజు పొద్దున వాళ్ళిద్దరూ పోట్లాడుకున్నారు. ఆ పోట్లాట అర్థం కావాలంటే వాళ్ళు దేనికోసం వెతుకుతున్నారో కాస్త చెప్పాలి. బరువైన అణుకేంద్రకాలను రెంటిని దాదాపు వెలుగంత వేగంతో ఎదురెదురుగా తోలి గుద్దిస్తారు. అవి సూటిగా కాకుండా కాస్త పక్కకి ఒరుసుకుని గుద్దుకుంటే, అంకెల్లో చెప్పినా ఊహకి అందనంత కొద్దిసేపు, మహా గట్టి అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఆ గుద్దుడు వేడికి ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కరిగి లోపలి క్వార్కులు బయటపడతాయి. క్వార్కుల్లో కుడి వాటానివీ ఉంటాయి, ఎడమ వాటానివీ ఉంటాయి. ఎప్పుడైనా ఒక వాటం ఎక్కువైపోతే, ప్లస్ కణాలు ఆ క్షేత్రం వెంట ఒక వైపుకీ మైనస్ కణాలు రెండో వైపుకీ విడిపోవాలని సిద్ధాంతం. ఆ విడిపాటు కోసం ఇరవై ఏళ్ళుగా ఎందరో కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నారు. కనబడినట్టే ఉంటుంది, పట్టుకోబోతే జారిపోతుంది.

జారిపోవడానికి కారణం ఉంది. ఒకే తల్లి కణం నుంచి ప్లస్సూ మైనస్సూ జంటగా పుట్టి, ప్రవాహంతో పాటు కలిసి కొట్టుకుపోతాయి. ద్వారకా తిరుమల మెట్ల మీద ఆలుమగలు జంటలు జంటలుగా దిగివస్తుంటే, దూరం నుంచి లెక్కపెట్టేవాడికి ఏదో శక్తి వాళ్ళని అలా నడిపిస్తోందని భ్రమ కలగొచ్చు. ఇదీ అలాంటిదే. దీనికి ప్రసాద్ ఒక ఉపాయం పన్నాడు. ప్రవాహం ఒక పక్కకి సాగకుండా గుండ్రంగా చిమ్మిన ఢీలను మాత్రమే ఏరుకుంటే, ఆ భ్రమ తొలగిపోయి అసలుది ఏదైనా ఉంటే మిగలాలి. లక్షల ఢీల్లోంచి ఏరాడు. మిగిలింది. చుక్కలు సున్నా మీద నుంచి లేచాయి.

"ఇంకోసారి చూడండి. ఇంత తేలిగ్గా దొరికేదైతే ఈపాటికి ఎవరికో దొరికేది," అంది సబీహా.

"మీకు కుళ్ళండీ," అన్నాడు ప్రసాద్ నవ్వుతూ. నాలుగేళ్ళుగా ఇద్దరూ అండీ, గారూ అనుకుంటూనే ఒకరినొకరు ఏడిపించుకునేవాళ్ళు. ఆ మర్యాదలోనే ఏదో చనువు ఉండేది. దానికి పేరు పెట్టే తొందర ఇద్దరికీ లేకపోయింది.

కానీ ఆ పూట ఆమెకి నవ్వు రాలేదు. "మీకు కావలసింది నిజం కాదు ప్రసాద్ గారూ. పేరు కావాలి. మీ ఊళ్ళో ఫ్లెక్సీ కట్టాలి," అంది. అతని మొహం పాలిపోయింది. బ్యాగు సర్దుకుని, పన్నెండు గంటల బస్సుకి ఊరెళ్ళిపోయాడు.

ఫ్లెక్సీ నిజంగానే కట్టారు. దశదిన కర్మకి వెళ్ళిన జాకబ్ సారు, వాళ్ళిద్దరి గైడు, ఆ తల్లి ఏడుపు చూడలేక ఊరందరి ముందూ అనేశారు: "మీ అబ్బాయి ప్రపంచమంతా వెతుకుతున్నదాన్ని కనిపెట్టాడమ్మా. మేం పేపరు వేస్తాం, వాడి పేరే ముందుంటుంది." ఊరి కుర్రాళ్ళు వారం తిరక్కుండా ఫ్లెక్సీ తయారు చేయించారు. కొల్లేటి ముద్దుబిడ్డ, మహా శాస్త్రవేత్త, అని. ఆ ఫొటో ఎవరో వాట్సాప్‌లో పంపితే సబీహా వాష్‌రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుని ఏడ్చింది.

అప్పటినుంచి ఆమెని పీడిస్తున్నది ఒక్కటే ప్రశ్న. ఆ మూడు కాల్స్‌లో అతను ఏం చెప్పబోయాడు? తిట్టడానికి చేశాడా, బతిమాలడానికి చేశాడా? దాని వెనకాల ఇంకో ప్రశ్న ఉండేది. అది పగటి పూట, వెలుతుర్లో, నలుగురి మధ్య ఉన్నప్పుడే ఎక్కువగా వచ్చి మీద పడేది. చెరువుల మధ్య పుట్టి పెరిగినవాడు, తడి తీగ ఏం చేస్తుందో తెలిసినవాడు, దాన్ని చూడక పట్టుకున్నాడా, చూసే పట్టుకున్నాడా?

పేపరు పూర్తి కావొచ్చింది. వచ్చే బుధవారం విదేశాల్లోని బృందానికంతా వీడియోలో సబీహాయే చూపించాలి. ప్రోగ్రాములో ఒకచోట ప్రసాద్ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు రాసిపెట్టాడు: "ఈ లైను ముట్టుకోవద్దు. ఎందుకు పనిచేస్తోందో దేవుడికే తెలియాలి." ఏడు నెలల్లో ఆ ప్రోగ్రాములో ప్రతి లైనూ ముగ్గురు ముగ్గురు తనిఖీ చేశారు. ఆ ఒక్కటి మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. బతికున్నవాడి వేళాకోళాన్ని ఎవరూ లెక్కచేసేవాళ్ళు కాదు. పోయినవాడిది కాబట్టి అది ఆజ్ఞ అయి కూర్చుంది. జాకబ్ సారైతే దాన్ని చదివి కళ్ళు తుడుచుకుని, తెరని కిందికి జరిపేశారు.

ఆదివారం ఏలూరులో, ఇంట్లో, వాళ్ళ నాన్న దస్తగిరి ఎవరిదో పాత తివాచీ బాగుచేస్తున్నాడు. నలభై ఏళ్ళు తివాచీలు నేసిన చేతులు. ఇప్పుడు నేత మానేసి, చిరుగులకి ముడులు వేసిపెడుతున్నాడు. సబీహా టీ ఇవ్వడానికి వెళ్ళేసరికి తివాచీ బోర్లా పరిచి ఉంది.

"పువ్వులు కనబడకుండా అలా బోర్లించి చూస్తారేంటి నాన్నా?"

"పైన ఏముందమ్మా చూడ్డానికి? పైన ఎప్పుడూ బాగానే ఉంటది," అన్నాడు దస్తగిరి కళ్ళజోడు సర్దుకుంటూ. "ముడి ఎక్కడ తప్పిందో కిందేపు చూస్తేనే గదా తెల్సుద్ది. ఆ కప్పు అక్కడెట్టు, మీద పోసేవు."

ఆమె కప్పు పెట్టి, లోపలికి వెళ్ళి లాప్‌టాప్ తెరిచింది. ఇన్నాళ్ళూ అందరూ ప్రసాద్ చుక్కల్నే చూశారు. ఇప్పుడు ఆమె అసలు డేటా పక్కన పెట్టి, ఉత్తుత్తి అంకెలతో బొమ్మ డేటా తయారు చేసింది. అందులో జంటలున్నాయి, ప్రవాహం ఉంది, ఆ విడిపాటు అన్నది మాత్రం బొత్తిగా లేదు. లేదని ఆమెకి ఖాయంగా తెలుసు, తయారుచేసింది తనే కాబట్టి. దాన్ని ప్రసాద్ ప్రోగ్రాముకి ఇచ్చింది. సున్నా రావాలి.

చుక్కలు లేచాయి. అదే పొగరుతో, అంతే ఎత్తుకి.

ఆమె ముట్టుకోవద్దన్న లైను దగ్గరికి వెళ్ళి, మొదటిసారి నిదానంగా చదివింది. గుండ్రటి ఢీలను ఏరడానికి ప్రసాద్ ఏ కణాలను వాడాడో, విడిపాటు లెక్కకట్టడానికీ వాటినే వాడాడు. తీర్పు చెప్పేదీ, సాక్ష్యం చెప్పేదీ ఒక్కరే అయ్యారు. ఆమె కణాలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుతో ఏరి, రెండో గుంపుతో లెక్కకట్టింది. బొమ్మ డేటాలో చుక్కలు సున్నా మీదికి దిగాయి. అసలు డేటా ఇచ్చింది. అక్కడా దిగాయి. చాలాసేపు ఆ ఖాళీ గీతకేసి చూస్తూ కూర్చుంది. ప్రసాద్ రెండోసారి చచ్చిపోయినట్టనిపించింది, ఈసారి తన చేతుల్లోనే.

సోమవారం పొద్దున జాకబ్ సారు గ్రాఫు చూసి, కుర్చీ వెనక్కి జరిపి, కిటికీకేసి తిరిగి కూర్చున్నారు.

"బుధవారం సున్నా అనే చెప్పండమ్మా. అందులో రెండో మాట లేదు," అన్నారు చివరికి. "కానీ ఆ తల్లికి నోటితో ఇచ్చిన మాట ఒకటుందే. దాన్నేం చెయ్యను? నాకు మొహం చెల్లదు."

"నేను వెళ్తాను సార్."

"చెప్పకపోయినా ఆవిడకి తెలిసే దారి లేదు. అదీ ఆలోచించుకోండి."

ఆలోచించింది. మంగళవారం ఏలూరు నుంచి కైకలూరు బస్సులో దారంతా అదే ఆలోచించింది. రోడ్డుకి ఇటూ అటూ కనుచూపు మేరా చెరువులే. మేత సంచులు కట్టిన గడలు, వాటి మీద రెక్కలారబెట్టుకుంటున్న పిట్టలు, నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్న ఏరియేటర్ చక్రాలు. ఆ చక్రాల చప్పుడు కిటికీలోంచి వచ్చి పోతోందే గాని పూర్తిగా ఆగడం లేదు. గట్టు మీద చొక్కా చేతులు మడిచిన ప్రతివాడూ వెనక నుంచి ప్రసాదే. ఒకడు తిరిగి చూసేసరికి ఆమె సీట్లోంచి సగం లేచింది. మీసాలున్న ఎవరో ముసలాయన.

కైకలూరులో ఆటో మాట్లాడుకుని ఊరు చేరేసరికి పదకొండైంది. రెండు గదుల డాబా ఇల్లు. పెరటి వైపు కట్టెల మోపు మీద కప్పిన ఫ్లెక్సీ మీద నుంచి ప్రసాద్ ఆకాశంకేసి చూసి నవ్వుతున్నాడు.

"మంచుకి పుల్లలు తడిసిపోతన్నాయని కప్పేనమ్మా," అంది వెనక నుంచి తాయారమ్మ, ప్రసాద్ తల్లి, తప్పు చేసిన పిల్లలా. "మొహం పైకుండేలాగే కప్పేను. సబీహావి గదూ నువ్వు? మా వాడు ఫోన్లో చూపించేవోడు. రా, లోపలికి రా. ఎండన పడొచ్చేవు."

మంచినీళ్ళిచ్చింది, మంచం మీద దుప్పటి దులిపి కూర్చోబెట్టింది, తను గడప దగ్గర కూలబడింది. యాభై ఏళ్ళు దాటిన మనిషి. పిల్లాడి చిన్నప్పుడే మొగుడు పోతే తమ్ముడి చెరువుల మీద మేత చల్లి కొడుకుని చదివించింది. గోడకి దండ వేసిన ఫొటో ఉంది. సబీహా ఆ వైపు చూడకుండా మాట్లాడాలనుకుంది, కుదరలేదు.

"మీకొక సంగతి చెప్పాలని వచ్చానండి. ప్రసాద్ గారు కనిపెట్టింది అని మా సారు చెప్పారు గదా, అది..." ఆగింది. మళ్ళీ మొదలెట్టింది. "అది లేదండి. లెక్కలో పొరపాటు దొర్లింది. రేపు అందరికీ అలాగే చెప్పబోతున్నాను. మీకు ముందు చెప్పకుండా వాళ్ళకి చెప్పలేను."

అరుస్తుందనుకుంది, ఏడుస్తుందనుకుంది. తాయారమ్మ ఆమెనే చూస్తోంది, ఎప్పటినుంచో ఎదురుచూస్తున్న మనిషి ఇన్నాళ్ళకి గుమ్మంలోకి వచ్చినట్టు.

"పొరపాటా?" అంది. "తప్పు అంటే అదేనా?"

"ఏ తప్పండి?"

తాయారమ్మ లేచి, ఫొటో వెనక చెయ్యి పెట్టి, ఒక నోటుబుక్కు తీసింది. "ఆ రోజు నాలుగింటికొచ్చేడు. అన్నం పెడతానంటే వద్దన్నాడు. ఈ పుస్తకం పట్టుకుని ఇక్కడే కూకుని, 'తప్పు చేసేనమ్మా, పెద్ద తప్పు చేసేను' అన్నాడు. ఏం చేసేవురా అంటే, 'నీకు చెప్పినా తెలీదులే' అన్నాడు. ఫోను పట్టుకుని అటూ ఇటూ తిరిగేడు. తర్వాత చెరువులో రొయ్య గాలందక తేలతందని ఎవరో కేకేస్తే గట్టు మీదికెళ్ళేడు." పుస్తకాన్ని కొంగుతో తుడిచింది. "ఏడు నెల్లనించీ ఎవరికీ చెప్పలేదమ్మా నేను. ఎవరి పిల్లకి ఏం అన్యాయం చేసేడో, ఎక్కడ ఏం దొంగిలించేడో, ఆ బెంగతోనే తీగ పట్టుకున్నాడో. ఊరంతా గొప్పోడు గొప్పోడు అంటంటే లోపల నాకు ఒణుకు. చదవడం రాదు. ఎవరి చేతన్నా చదివిద్దారంటే భయం. నువ్వు చదువు."

సబీహా ఆఖరి పేజీ తెరిచింది. పైన తారీకుంది, జూలై పన్నెండు. బస్సు కుదుపులకి అక్షరాలు వంకరపోయాయి. సగం పేజీ లెక్కలే. నిన్నగాక మొన్న ఆమె చేసిన లెక్కే, అవే మెట్లు, ఆమెకన్నా చక్కగా. లెక్క కింద తెలుగులో రాసి ఉంది. ఆమె గట్టిగా చదవడం మొదలుపెట్టింది.

"'ఏరేవీ అవే కణాలు, లెక్కపెట్టేవీ అవే కణాలు. ఛీ, ఎంత గాడిదని. విడగొడితే సున్నా. విడిపాటు లేదు.'" ఆగి, ఊపిరి తీసుకుంది. "'సబీహా గారే రైటు. ఆవిడకి ఫోన్ చేసి ముందు క్షమాపణ చెప్పాలి, తర్వాత సారుకి. ఫోన్ ఎత్తకపోతే రేపు పొద్దున మొదటి బస్సుకి వెళ్ళి చెప్పాలి. అమ్మ చేపల పులుసు పెడుతుంది, ఆవిడకి క్యారేజీలో పట్టుకెళ్ళాలి.'"

అక్కడితో అయిపోయింది. తర్వాతి పేజీలన్నీ తెల్లవే.

"తప్పంటే ఇదేనండి," అంది సబీహా. ఆమె ఏడుస్తోంది, తుడుచుకోవడం లేదు. "ఒక్క లైను. ఎవరికీ ఏ అన్యాయం చెయ్యలేదు. తన తప్పు తనే పట్టుకున్నాడు. మేం ఇంతమందిమి ఏడు నెలలు పట్టుకోలేకపోయాం. కావాలని తీగ పట్టుకోలేదండి. రేపటి బస్సు గురించి రాసుకున్నాడు చూడండి. రావాలనే అనుకున్నాడు."

"ఇంకోసారి చదువు. ఆ పులుసు కాడ."

చదివింది. తాయారమ్మ కళ్ళు మూసుకుని వింది. మొహంలో ఏదో సడలింది. ఏడు నెలలుగా బిగబట్టిన ఊపిరి వదిలిందన్నట్టు భుజాలు కిందికి దిగాయి.

ఇక్కడితో లేచి వచ్చేయొచ్చు. చెప్పాల్సిందంతా చెప్పింది, ఆవిడ మనసు తేలికపడింది, రెండింటి బస్సు అందుతుంది. కానీ ఎదురుగా ఆ మనిషి తన గుట్టంతా విప్పి చూపించాక, తనది మడిచి బ్యాగులో పెట్టుకుని వెళ్ళడానికి సబీహాకి మనసొప్పలేదు.

"ఆ ఫోను నాకేనండి చేశాడు," అంది. "మూడుసార్లు చేశాడు. నేను చూశాను. పొద్దున పోట్లాడుకున్నాం, ఆ కోపంలో ఎత్తలేదు. చూసి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఇంకో పది నిమిషాలు మాట్లాడుతూ ఉండేవాడు. ఆ పది నిమిషాల్లో గట్టు మీదికి ఇంకెవరైనా వెళ్ళేవాళ్ళేమో. నన్ను ఏమన్నా అనండి, పడతాను."

పెరట్లో కోడి ఒకటి అరుచుకుంటూ పోయింది. అంతకంటే దూరంగా, చెరువుల వైపు, చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. తాయారమ్మ నెమ్మదిగా జరిగి వచ్చి, మంచం పక్కన నేల మీద కూర్చుని, సబీహా చెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. గరుకు చేతులు.

"నీకు మూడుసార్లు చేసేడా," అంది. "నన్ను ఒక్కసారే పిలిచేడమ్మా. గట్టు మీంచి, 'అమ్మా' అని. నేను చేపలు తోముతున్నాను. టీ కోసమనుకుని, వత్తన్నాన్రా అన్నాను. ఉన్నయ్యన్నీ తోమేసి, చేతులు కడుక్కుని, అప్పుడెళ్ళేను."